మార్చి 31కి నిండే గోదాము: బస్తర్‌లో చిరు వ్యాపారి పన్ను సన్నాహం

బస్తర్‌లో వ్యాపార సంవత్సరానికీ, ఆర్థిక సంవత్సరానికీ పొత్తు కుదరదు. అడవి సరుకు ఫిబ్రవరిలో కదలడం మొదలై జూన్ దాకా వస్తూనే ఉంటుంది. మొదట చింతపండు, మార్చి ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు, ఏప్రిల్ చివరి నుంచి తునికాకు, ఎండలు ముదిరాక సారపప్పు. ప్రభుత్వ లెక్క మాత్రం మార్చి 31తో ముగుస్తుంది. అంటే కొనుగోళ్లు జోరుగా సాగుతూ, డబ్బంతా సరుకులోనూ ఊళ్లలో ఇచ్చిన బయానాల్లోనూ ఇరుక్కున్న సమయంలోనే వ్యాపారి పద్దులు మూయాలి. జగదల్‌పూర్, కొండగావ్, గీదం, సుక్మా, కుంట, భోపాలపట్నం బజార్లలో చిన్న వ్యాపారం చేసేవారికి పన్నుల తయారీలో వచ్చే చిక్కులు చాలావరకు ఈ పొంతన లేమి నుంచి పుట్టినవే. పన్నుల కాలం జూలైలో రిటర్నుతో మొదలవుతుందనుకున్నవారికి ఆ చిక్కులు నోటీసు వచ్చాకే తెలుస్తాయి.

రెండు పన్నులు, మారిన చట్టాలు

చిరు వ్యాపారికి ప్రధానంగా తగిలేవి రెండు పన్నులు. అమ్మకం మీద వస్తు సేవల పన్ను (జీఎస్‌టీ), లాభం మీద ఆదాయపు పన్ను. ఛత్తీస్‌గఢ్ 2000 నవంబర్ 1న ఏర్పడింది. 2006 ఏప్రిల్ 1 నుంచి అక్కడ విలువ ఆధారిత పన్ను (వ్యాట్) నడిచింది. 2017 జూలై 1న జీఎస్‌టీ రావడంతో వ్యాట్, కేంద్ర అమ్మకపు పన్ను, ప్రవేశ పన్ను వంటివి చాలావరకు అందులో కలిసిపోయాయి. రాష్ట్రాల సరిహద్దుల్లోని వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు పోయి, వాటి పని ఈ-వే బిల్లుకు దక్కింది. కుంట నుంచి చింతూరు మీదుగా భద్రాచలం వెళ్లే సరుకుకు ఇప్పుడు ఆగాల్సిన గేటు లేకపోయినా, చూపాల్సిన కాగితం ఉంది.

ఆదాయపు పన్నులోనూ పెద్ద మార్పు వచ్చింది. 1961 నాటి చట్టం స్థానంలో ఆదాయపు పన్ను చట్టం, 2025 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా రూపొందింది. ‘గత సంవత్సరం’, ‘మదింపు సంవత్సరం’ అనే జంట పేర్లు పోయి ‘పన్ను సంవత్సరం’ అన్న ఒకే పేరు మిగిలింది. అయితే 2025-26 ఆదాయానికి 2026లో వేసే రిటర్ను పాత చట్టం కిందే ఉంటుంది. ఆ ఒక్క ఏడాది వ్యాపారి పాత సెక్షన్లతో రిటర్ను వేస్తూ, కొత్త సెక్షన్లతో పద్దులు మొదలుపెట్టాల్సి వస్తుంది. ఈ వ్యాసంలోని సెక్షన్ అంకెలు, వేరే చెప్పకపోతే, 1961 చట్టానివే.

ఎవరు పన్ను పరిధిలోకి వస్తారు

బస్తర్ డివిజన్‌లోని కాంకేర్, కొండగావ్, బస్తర్, నారాయణపూర్, దంతెవాడ, బీజాపూర్, సుక్మా జిల్లాలు రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింది ప్రాంతాలు. ఆదాయపు పన్ను చట్టం 10(26) సెక్షన్ షెడ్యూల్డ్ తెగలవారికి ఇచ్చే మినహాయింపు ఈ ప్రాంతాలకు వర్తించదు. అది ఆరో షెడ్యూలు ప్రాంతాలు, నాగాలాండ్, మణిపూర్, త్రిపుర, అరుణాచల్ ప్రదేశ్, మిజోరం, లద్దాఖ్‌లలో నివసించే గిరిజనులకు, అక్కడ వచ్చే ఆదాయానికి పరిమితం. కాబట్టి దంతెవాడలో కిరాణా నడిపే గోండు వ్యాపారికీ, జగదల్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు వ్యాపారికీ ఆదాయపు పన్ను లెక్క ఒకటే.

వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు. అడవిలో దానంతట అదే పెరిగిన చెట్టు నుంచి ఏరుకొచ్చిన ఫలసాయం మాత్రం ఈ కోవలోకి రాదు. భూమి మీద దున్నడం, విత్తడం, నాటడం వంటి మౌలిక శ్రమ ఉంటేనే వ్యవసాయ ఆదాయమని 1957లో రాజా బినయ్ కుమార్ సహాస్ రాయ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఏరుకొచ్చే కుటుంబాల రాబడి సాధారణంగా పన్ను పరిమితికి చాలా దిగువనే ఉంటుంది కాబట్టి వారికి దీనితో బాధ లేదు. వారి నుంచి కొని గోదాములు నింపే వ్యాపారి ఆదాయాన్ని వ్యవసాయం పేరుతో చూపడానికి మాత్రం వీల్లేదు.

2025-26కు కొత్త విధానంలో 4 లక్షల రూపాయల వరకు పన్ను లేదు. 4 నుంచి 8 లక్షల వరకు 5 శాతం, 8 నుంచి 12 వరకు 10, 12 నుంచి 16 వరకు 15, 16 నుంచి 20 వరకు 20, 20 నుంచి 24 వరకు 25, ఆపైన 30 శాతం. మొత్తం ఆదాయం 12 లక్షలు దాటకపోతే రిబేటుతో పన్ను సున్నా అవుతుంది. పన్ను సున్నా అయినంత మాత్రాన రిటర్ను తప్పదు. ఆదాయం 4 లక్షలు దాటితే రిటర్ను వేయాలి. వ్యాపార టర్నోవర్ 60 లక్షలు దాటినా, ఏడాదిలో మూలంలో కోత, వసూళ్లు కలిపి 25,000 రూపాయలు చేరినా, లాభం ఎంత తక్కువైనా రిటర్ను తప్పనిసరి. తునికాకు కొనేవారు ఈ చివరి నిబంధనలో సులువుగా పడతారు. ఎందుకంటే 2025-26లో తునికాకు కొన్నవారి దగ్గర అమ్మకందారు 5 శాతం పన్ను మూలంలోనే వసూలు చేస్తారు. ఆ మొత్తం కొన్నవారి ఖాతాలో జమ అవుతుంది. రిటర్ను వేస్తేనే అది సర్దుబాటుకో, వాపసుకో వస్తుంది.

జీఎస్‌టీ రిజిస్ట్రేషన్: పరిమితి, సరిహద్దు

సరుకులు మాత్రమే అమ్మేవారికి ఛత్తీస్‌గఢ్‌లో ఏడాది టర్నోవర్ 40 లక్షలు దాటితే, సేవలు అందించేవారికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ కావాలి. 40 లక్షల పరిమితి 2019 ఏప్రిల్ 1న వచ్చింది. ఆంధ్రప్రదేశ్ కూడా దాన్నే పాటిస్తుంది. తెలంగాణ మాత్రం సరుకులకూ 20 లక్షలే ఉంచుకుంది. అందువల్ల భద్రాచలంలో రిజిస్ట్రేషన్ తీసుకోక తప్పని పరిమాణంలో ఉన్న దుకాణం కుంటలో ఉంటే దానికి ఆ అవసరం రాకపోవచ్చు. ఇటుకలు, పెంకులు తయారుచేసేవారికి మాత్రం ఛత్తీస్‌గఢ్‌లోనూ 20 లక్షలే పరిమితి.

సరిహద్దు వ్యాపారి ఎక్కువగా పొరబడే చోటు వేరే ఉంది. పన్ను వర్తించే సరుకును మరో రాష్ట్రానికి పంపి అమ్మితే టర్నోవర్ ఎంత తక్కువైనా మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. దుకాణానికి వచ్చి కొనుక్కుపోయే మామూలు ఖాతాదారు సంగతి వేరు. 2023 అక్టోబర్ 1 నుంచి, రిజిస్ట్రేషన్ లేని కొనుగోలుదారు చిరునామా బిల్లులో ఉంటే ఆ చిరునామా, లేకపోతే అమ్మకందారు ఉన్న చోటు సరఫరా స్థలంగా లెక్కకు వస్తుంది. బిల్లు మీద పొరుగు రాష్ట్రం పేరు రాయడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, దానితో అమ్మకం అంతర్రాష్ట్రమైపోతుంది.

చింతపండు వ్యాపారుల స్థితి ప్రత్యేకం. 2019 సెప్టెంబర్ 20న గోవాలో జరిగిన 37వ జీఎస్‌టీ మండలి సమావేశం ఎండు చింతపండు మీద, ఆకులు, పూలు, బెరడుతో చేసిన విస్తళ్లు, దొప్పల మీద పన్ను తీసేసింది. పన్ను లేని సరుకు మాత్రమే అమ్మేవారికి టర్నోవర్ ఎంతున్నా, సరుకు విశాఖపట్నం పోయినా, చెన్నై పోయినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ అదే వ్యాపారి పక్కన పన్ను పడే సరుకు కొంచెం అమ్మినా లెక్క మారిపోతుంది. పరిమితి చూసేటప్పుడు పన్ను లేని చింతపండు అమ్మకాన్నీ మొత్తం టర్నోవర్‌లో కలుపుతారు. 60 లక్షల చింతపండుతో పాటు 2 లక్షల విలువైన పన్ను సరుకు అమ్మినవారి టర్నోవర్ 62 లక్షలు. వారు రిజిస్ట్రేషన్ తీసుకోవాలి, పన్ను మాత్రం ఆ 2 లక్షల మీదే కట్టాలి.

చేతివృత్తులవారికి చట్టం కొంత వెసులుబాటు ఇచ్చింది. కొండగావ్ పరిసరాల గఢ్వా కళాకారులు మైనం అచ్చుతో పోతపోసే ఢోక్రా బొమ్మలకు, బస్తర్ ఇనుప పనికి, చెక్క పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఇలాంటి హస్తకళా వస్తువులు తయారుచేసేవారు ఇతర రాష్ట్రాలకు అమ్మినా, హైదరాబాద్ శిల్పారామం వంటి చోట్ల తాత్కాలికంగా స్టాలు పెట్టినా టర్నోవర్ 20 లక్షల లోపు ఉన్నంతవరకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రెండు షరతులున్నాయి. పాన్ ఉండాలి, సరుకు విలువ ఎంత తక్కువైనా రాష్ట్రం దాటేటప్పుడు ఈ-వే బిల్లు ఉండాలి. మిగతా సరుకులకు రాష్ట్రాల మధ్య ఈ-వే బిల్లు 50,000 రూపాయలు దాటితేనే కావాలి. రాష్ట్రం లోపలి పరిమితిని ఏ రాష్ట్రానికారాష్ట్రం నిర్ణయిస్తుంది.

2025 సెప్టెంబర్ 22న జీఎస్‌టీ రేట్లు ప్రధానంగా 5, 18 శాతాలకు కుదించుకుపోయాయి. హస్తకళా వస్తువులు 12 నుంచి 5 శాతానికి, తునికాకు 18 నుంచి 5 శాతానికి దిగాయి. దీనివల్ల 2025-26 పద్దుల్లో ఒకే సరుకు రెండు రేట్లతో కనిపిస్తుంది. ఆ తేదీకి ముందటి బిల్లులనూ తర్వాతి బిల్లులనూ విడిగా కూడితే తప్ప ఏడాది మొత్తం సరిపోలదు.

కాంపోజిషనా, మామూలు పద్ధతా

రిజిస్ట్రేషన్ ఉన్నవారు ఏటా మార్చి 31లోపు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇది. టర్నోవర్ కోటిన్నర దాటని వ్యాపారులు, తయారీదారులు కాంపోజిషన్ కింద 1 శాతం, హోటళ్లు 5 శాతం కట్టి ఊరుకోవచ్చు. ఇతర సేవలవారికి 50 లక్షల దాకా 6 శాతం. మూడు నెలలకోసారి సీఎంపీ-08 చలానా, ఏడాదికొకసారి జీఎస్‌టీఆర్-4 రిటర్ను చాలు. 2024-25 నుంచి జీఎస్‌టీఆర్-4కు గడువు జూన్ 30.

ఈ సులువుకు మూల్యం ఉంది. కొనుగోళ్ల మీద కట్టిన పన్నుకు క్రెడిట్ రాదు. ఖాతాదారు దగ్గర పన్ను వసూలు చేయకూడదు, ఇచ్చే బిల్లు ‘బిల్ ఆఫ్ సప్లై’ అయి ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా మరో రాష్ట్రానికి సరుకు పంపకూడదు. విజయవాడ నుంచి తెచ్చుకుని జగదల్‌పూర్‌లోనే అమ్మే బట్టల దుకాణానికి కాంపోజిషన్ సరిపోతుంది, ఎందుకంటే వేరే రాష్ట్రం నుంచి కొనడానికి అడ్డు లేదు. భోపాలపట్నం నుంచి తెలంగాణకు పన్ను సరుకు పంపేవారికి ఆ దారి మూసుకున్నట్లే. కొనుగోలుదారులు రిజిస్ట్రేషన్ ఉన్న దుకాణాలైతే వారు క్రెడిట్ ఇవ్వగల అమ్మకందారునే వెతుక్కుంటారు. కాబట్టి టోకు వర్తకానికి మామూలు పద్ధతి, చిల్లర వర్తకానికి కాంపోజిషన్ నప్పుతాయి.

మామూలు పద్ధతిలో ఉండి టర్నోవర్ 5 కోట్ల లోపున్నవారికి 2021 జనవరి నుంచి త్రైమాసిక రిటర్ను సదుపాయం ఉంది. మొదటి రెండు నెలల పన్నును మరుసటి నెల 25లోపు చలానాగా కడతారు. త్రైమాసికం ముగిశాక 13లోపు జీఎస్‌టీఆర్-1, ఛత్తీస్‌గఢ్‌వారు 22లోపు జీఎస్‌టీఆర్-3బీ వేస్తారు. నెలనెలా వేసేవారికి ఆ తేదీలు 11, 20.

లారీ కిరాయి విషయం చాలామంది పద్దుల్లో జారిపోతుంది. బిల్టీ అనే రవాణా రసీదు ఇచ్చే ట్రాన్స్‌పోర్ట్ ఏజెన్సీ తానే పన్ను వేయకపోతే, కిరాయి మీద 5 శాతం జీఎస్‌టీని రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారే ఎదురు చెల్లించాలి. కాంపోజిషన్‌లో ఉన్నవారికీ ఇందులో మినహాయింపు లేదు. బిల్టీ లేకుండా సొంత లారీ తిప్పే యజమానికి ఇచ్చిన కిరాయికి ఈ బాధ్యత ఉండదు.

అంచనా లాభం: ఎవరికి లాభం, ఎవరికి నష్టం

ఆదాయపు పన్నులో చిరు వ్యాపారికి పెద్ద ఊరట 44ఏడీ సెక్షన్. కొత్త చట్టంలో 44ఏడీ, 44ఏడీఏ, 44ఏఈ మూడూ కలిసి 58వ సెక్షన్‌గా మారాయి. టర్నోవర్ 2 కోట్ల లోపు ఉంటే, నగదు రాబడి మొత్తంలో 5 శాతం మించనప్పుడు 3 కోట్ల లోపు ఉంటే, పూర్తి పద్దులు చూపకుండా అమ్మకంలో 8 శాతాన్ని లాభంగా చూపవచ్చు. బ్యాంకు, యూపీఐ ద్వారా వచ్చిన అమ్మకానికి 6 శాతం చాలు. ఏడాదికి 60 లక్షలు అమ్మే దుకాణంలో 40 లక్షలు యూపీఐ ద్వారా, 20 లక్షలు నగదుగా వచ్చాయనుకుంటే లాభం 2,40,000, 1,60,000 కలిపి 4 లక్షలు. కొత్త విధానంలో పన్ను లేదు.

అడవి సరుకు టోకు వ్యాపారికి ఇదే సెక్షన్ ఎదురు తిరుగుతుంది. అక్కడ మార్జిన్ సన్నగా ఉంటుంది. నగదు మీద కోటీ 80 లక్షలు అమ్మి 3 శాతం మిగుల్చుకున్నవారి అసలు ఆదాయం 5,40,000. 8 శాతం చొప్పున చూపితే 14,40,000 అవుతుంది. వేరే ఆదాయం లేకపోతే సెస్సుతో కలిపి పన్ను 99,840 రూపాయలు. అసలు ఆదాయం చూపితే రిబేటుతో పన్ను సున్నా, కానీ పద్దులు రాసి ఆడిట్ చేయించాలి. పైగా ఒకసారి అంచనా పద్ధతిలోకి వచ్చి ఐదేళ్లలోపు బయటికి పోతే, తర్వాతి ఐదేళ్లు మళ్లీ లోపలికి రాలేరు. కాబట్టి ఈ ఎంపికను ఒక ఏటి పన్నుతో కాక, కొన్నేళ్ల మార్జిన్‌తో బేరీజు వేయాలి.

కమీషన్, బ్రోకరేజీ ఆదాయానికి 44ఏడీ వర్తించదు. ఊళ్లో సరుకు సేకరించి మండీకి చేర్చే కోచియా సొంతంగా కొని అమ్మితే వ్యాపారి. జగదల్‌పూర్ షావుకారు డబ్బుతో కొని కిలోకింత అని పుచ్చుకుంటే కమీషన్ ఏజెంటు. ఏది వర్తిస్తుందో అతని చీటీలు, బ్యాంకు ఖాతా చెప్పాలి. భాగస్వామ్య సంస్థలు 44ఏడీలోకి రావచ్చు, ఎల్ఎల్‌పీలు రాలేవు. 2025 ఏప్రిల్ 1 నుంచి భాగస్వామికి ఇచ్చే జీతం, వడ్డీ వంటివి ఏడాదిలో 20,000 దాటితే సంస్థ 10 శాతం మూలంలో కోసి జమ చేయాలి. కుటుంబ సంస్థలు మరిచిపోయే కొత్త బాధ్యత ఇది.

బైలాడిలా ఇనుప ఖనిజం వల్ల దక్షిణ బస్తర్‌లో లారీలే ఒక పెద్ద వ్యాపారం. పదికి మించని లారీలున్నవారికి 44ఏఈ ఉంది. స్థూల బరువు 12,000 కిలోలు దాటని బండికి నెలకు 7,500 రూపాయలు, దాటితే టన్నుకు నెలకు 1,000 రూపాయల చొప్పున ఆదాయంగా చూపాలి. 28 టన్నుల స్థూల బరువున్న లారీకి ఏడాదికి 3,36,000. బండి షెడ్డులో నిలబడిన నెలలకూ లెక్క తప్పదు, యాజమాన్యం ఎన్నాళ్లన్నదే కొలత. వానాకాలంలో గనుల రవాణా తగ్గే చోట ఇది ఆలోచించుకోవాల్సిన సంగతి.

సంతలో నగదు, చేతిలో రుజువు

పద్దులు రాసేవారికి 40ఏ(3) సెక్షన్ పెద్ద గండం. ఒక మనిషికి ఒక రోజులో 10,000 రూపాయలకు మించి నగదు ఇస్తే ఆ ఖర్చు చెల్లదు. లారీ కిరాయికి 35,000 దాకా వెసులుబాటు. వారపు సంతలో నగదు మీద నడిచే బస్తర్ కొనుగోళ్లకు ఈ నియమం ఉన్నదున్నట్టు వర్తిస్తే వ్యాపారమే సాగదు. 1962 నియమాలలోని 6డీడీ దాన్ని సడలిస్తుంది. వ్యవసాయ, అటవీ ఉత్పత్తిని పండించినవారికి లేదా ఉత్పత్తిదారుకు ఇచ్చిన నగదు, కరెంటు వాడకుండా కుటీర పరిశ్రమలో చేసిన వస్తువుకు దాని తయారీదారుకు ఇచ్చిన నగదు, బ్యాంకు లేని ఊళ్లో అక్కడివారికే ఇచ్చిన నగదు ఈ నిషేధం కిందికి రావు.

ఈ సడలింపు మొదటి చేతికే గానీ మధ్య చేతికి కాదు. కోచియా దగ్గర లక్ష రూపాయల సరుకు నగదుకు కొంటే మినహాయింపు నిలబడటం కష్టం. సంతలో పదిమంది దగ్గర పదేసి వేల సరుకు కొంటే, ఆ పది పేర్లు, ఊళ్లు, తూకం, రేటు, వేలిముద్ర లేదా సంతకం ఉన్న కొనుగోలు చీటీలే రుజువు. అమ్మేవారు బిల్లు ఇవ్వలేరు కాబట్టి కొనేవారే చీటీ రాసుకోవాలి. ఆ రాత్రే చిట్టాకు ఎక్కిన చీటీకి, మార్చిలో కూర్చుని ఒకే కలంతో రాసిన కట్టకు ఉన్న తేడా ఆడిటర్‌కూ అధికారికీ ఇట్టే తెలిసిపోతుంది.

రాబడి వైపు కూడా హద్దులున్నాయి. ఒకే మనిషి నుంచి ఒక రోజులో, లేదా ఒకే లావాదేవీకి, 2 లక్షలు అంతకు మించి నగదు తీసుకోకూడదు. అప్పు, డిపాజిట్ 20,000 లేదా అంతకు మించితే నగదుగా పుచ్చుకోకూడదు. తప్పితే అంతే మొత్తం జరిమానా పడవచ్చు.

యూపీఐతో రాబడికి ఆనవాలు దానంతట అదే మిగులుతుంది. 2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ రాబడి ఆధారంగా చిరు దుకాణదారులకు నోటీసులు పంపినప్పుడు, పన్ను లేని కూరగాయలు, పాలు అమ్మేవారూ వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. దుకాణం క్యూఆర్ కోడ్‌లోకి ఇంటి అద్దె, చేబదులు, చుట్టాలు పంపిన డబ్బు పడకుండా వ్యాపారానికి వేరే ఖాతా పెట్టుకోవడం, పన్ను సరుకు, పన్ను లేని సరుకు అమ్మకాలను విడివిడిగా రాయడం దీనికి మందు.

మార్చి 31 సరుకు లెక్క

సీజన్ మధ్యలో పద్దులు మూసేవారికి అసలు పరీక్ష ముగింపు నిల్వ. ఒక వ్యాపారి మార్చిలో 200 క్వింటాళ్ల చింతపండు క్వింటాలు 4,000 చొప్పున కొని, హమాలీ, రవాణాకు మరో 40,000 పెట్టారనుకుందాం. మొత్తం ఖర్చు 8,40,000, క్వింటాలుకు 4,200. నెలాఖరుకు 60 క్వింటాళ్లు 4,800 చొప్పున అమ్మితే వచ్చింది 2,88,000. గోదాములోని 140 క్వింటాళ్లను లెక్కలోకి తీసుకోకపోతే 5,52,000 నష్టం కనిపిస్తుంది. ఖర్చు ధరకు నిల్వ విలువ 5,88,000 కలిపితే తేలేది 36,000 లాభం. మొదటి లెక్కతో రిటర్ను వేస్తే లేని నష్టం చూపినట్టవుతుంది. ఆ తప్పు మరుసటి ఏడు ఖర్చు లేని అమ్మకంగా తిరిగొచ్చి లేని లాభంలా కనిపిస్తుంది.

నిల్వకు విలువ కట్టే సూత్రం ఖర్చు ధర, అమ్మితే నికరంగా వచ్చే ధర, ఈ రెంటిలో తక్కువది. సరుకు రకం కూడా చూడాలి. గింజతో ఉన్న చింతపండును అక్కడ ఆటి ఇమ్లీ అనీ, గింజ తీసినదాన్ని ఫూల్ ఇమ్లీ అనీ అంటారు. రెంటి ధరలు వేరు. గింజ తీసే కూలీ ఫూల్ ఇమ్లీ ఖర్చులో చేరాలి, వచ్చిన గింజలను వేరే సరుకుగా రాయాలి. తేమ ఆరి తగ్గే బరువును ఎప్పటికప్పుడు తూచి రాయకపోతే, పుస్తకంలో ఉన్న సరుకు గోదాములో కనబడదు. కనబడని సరుకును బిల్లు లేకుండా అమ్మారన్న అనుమానం సులువుగా వస్తుంది. శీతల గిడ్డంగిలో దాచినవారు మార్చి 31 తేదీతో అక్కడి నిల్వ పత్రం తీసుకోవడం మంచిది.

కోచియాలకు ఇచ్చిన బయానా సరుకు చేరేదాకా ఖర్చు కాదు. అది రావలసిన బాకీగా ఉండాలి. అరువు కొనుగోళ్లకు 43బీ(హెచ్) ఉంది. ఉద్యమ్ నమోదు ఉన్న సూక్ష్మ, చిన్న తయారీదారులకు రాత ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. మార్చి 31 నాటికి ఆ గడువు మీరి మిగిలిన బాకీ, చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చెల్లుతుంది. కేవలం కొని అమ్మే వర్తకులకు ఇచ్చే బాకీకి ఇది వర్తించదు. అంచనా లాభం పద్ధతిలో ఉన్నవారికి నిల్వ, బాకీ లెక్కలు పన్నును మార్చవు. అయినా బ్యాంకు అప్పుకు పోయేనాటికి అవే కావాలి.

ముందే కట్టే పన్ను

మూలంలో పోయింది తీసేశాక పన్ను 10,000 లేదా అంతకు మించి తేలితే ముందస్తు పన్ను కట్టాలి. జూన్ 15కు 15 శాతం, సెప్టెంబర్ 15కు 45, డిసెంబర్ 15కు 75, మార్చి 15కు 100 శాతం. 44ఏడీవారికి మార్చి 15న ఒకేసారి. తగ్గితే నెలకు 1 శాతం వడ్డీ. బస్తర్‌లో మార్చి 15 అంటే కొనుగోళ్ల నడిమధ్య. ఆ వారంలో చేతిలో నగదు దొరకదు. వానాకాలం, చలికాలం అమ్మకాల డబ్బు వచ్చినప్పుడే కొంత పక్కన పెట్టుకోవడం తప్ప దీనికి వేరే ఉపాయం లేదు. నాలుగు వాయిదాలవారికైతే జూన్ వాయిదా చిన్నది, డిసెంబర్ నాటికే మూడొంతులు అయిపోతుంది. అది ఈ ప్రాంతపు డబ్బు రాకకు కొంత నయంగా సరిపోతుంది.

రిటర్నుకు ముందు సరిపోల్చాల్సినవి

రిటర్ను నింపడానికి ముందు నాలుగు పత్రాలు పక్కపక్కన పెట్టాలి. 26ఏఎస్‌లో మూలంలో పోయిన పన్ను, వార్షిక సమాచార నివేదికలో బ్యాంకు వడ్డీ, నగదు జమలు, జీఎస్‌టీ టర్నోవర్, జీఎస్‌టీఆర్-2బీలో అమ్మకందారులు చూపిన బిల్లులు, చివరగా సొంత చిట్టా, ఆవర్జా. ప్రభుత్వ కాంట్రాక్టులు చేసేవారికి ఇందులో రెండు కోతలు కనిపిస్తాయి. ఆదాయపు పన్ను కింద వ్యక్తులకు 1 శాతం, ఒప్పందం విలువ రెండున్నర లక్షలు దాటితే జీఎస్‌టీ కింద 2 శాతం. రెండోది ఆదాయపు పన్నులో సర్దుబాటు కాదు, జీఎస్‌టీ నగదు ఖాతాలోకి తీసుకోవాలి.

2బీలో కనిపించని బిల్లుకు క్రెడిట్ రాదు. అమ్మకందారుకు 180 రోజుల్లో డబ్బు ఇవ్వకపోతే తీసుకున్న క్రెడిట్ వెనక్కి కట్టాలి. ఒక ఏటి బిల్లుల క్రెడిట్‌కు చివరి గడువు తర్వాతి నవంబర్ 30, లేదా వార్షిక రిటర్ను వేసిన తేదీ, ఏది ముందైతే అది. జీఎస్‌టీఆర్-9 వార్షిక రిటర్నుకు గడువు డిసెంబర్ 31. 2 కోట్ల టర్నోవర్ దాకా దానికి మినహాయింపు ఉంది. జీఎస్‌టీలో చూపిన అమ్మకం, ఆదాయపు పన్నులో చూపిన అమ్మకం ఎందుకు వేరయ్యాయో, పన్ను లేని చింతపండు ఎంతో, ఒక కాగితం మీద రాసి ఉంచుకుంటే చాలా నోటీసులకు అదే జవాబు.

ఏడాది వరస

ఏప్రిల్ 1న కొత్త బిల్లు వరస మొదలుపెట్టాలి. మార్చి 31 నాటి నిల్వ, నగదు, బాకీలు ఆ వారంలోనే రాయాలి. త్రైమాసిక పద్ధతిలోకి రావడానికో పోవడానికో ఏప్రిల్ 30 దాకా వ్యవధి ఉంది. మే చివరికి సీజన్ నెమ్మదిస్తుంది కాబట్టి పద్దులు సరిచూసుకోవడానికి జూన్ అనువైన నెల. ఆడిట్ లేనివారికి రిటర్ను గడువు ఏళ్ల తరబడి జూలై 31గా ఉంటూ వచ్చింది. 2025లో దాన్ని సెప్టెంబర్ 16 దాకా పొడిగించారు. పొడిగింపు మీద ఆశ పెట్టుకోకుండా ఆ ఏటి ప్రకటన చూసుకోవాలి. ఆడిట్ ఉన్నవారికి నివేదిక సెప్టెంబర్ 30కి, రిటర్ను అక్టోబర్ 31కి. నగదు లావాదేవీలు రెండు వైపులా 5 శాతం లోపు ఉంటే ఆడిట్ పరిమితి కోటి నుంచి 10 కోట్లకు పెరుగుతుంది. ఫిబ్రవరిలో, కొత్త చింతపండు రాకముందే, పాత నిల్వ తూచి, కాంపోజిషన్ నిర్ణయం తీసుకుని, మార్చి వాయిదా డబ్బు పక్కన పెడితే ఏడాది ముగింపు సగం పూర్తయినట్టే.

గడువు తప్పితే

ఆదాయపు పన్ను రిటర్ను డిసెంబర్ 31 దాకా ఆలస్యంగా వేయవచ్చు. రుసుము 5,000, ఆదాయం 5 లక్షల లోపైతే 1,000. పన్ను బాకీ ఉంటే నెలకు 1 శాతం వడ్డీ అదనం. గడువు మీరితే వ్యాపార నష్టాన్ని ముందు ఏళ్లకు తీసుకుపోవడం కుదరదు. ధర పడిపోయిన ఏడాది చింతపండు వ్యాపారికి రుసుము కన్నా ఇదే పెద్ద దెబ్బ. ఆ తర్వాత కూడా మదింపు సంవత్సరం ముగిశాక 48 నెలల్లో నవీకృత రిటర్ను వేయవచ్చు. కానీ ఆలస్యాన్ని బట్టి పన్ను, వడ్డీల మీద 25, 50, 60, 70 శాతం అదనంగా కట్టాలి, దానితో వాపసు కోరడానికి వీల్లేదు. జీఎస్‌టీలో ఆలస్య రుసుము రోజుకు 50 రూపాయలు, అమ్మకం లేని రిటర్నుకు 20. పన్ను బాకీకి ఏడాదికి 18 శాతం వడ్డీ. మూడేళ్లు దాటిన జీఎస్‌టీ రిటర్నును 2025 జూలై నుంచి పోర్టల్ అసలు తీసుకోదు.

రిటర్ను వేసిన 30 రోజుల్లో ఈ-వెరిఫై చేయకపోతే సకాలంలో వేసినట్టు లెక్కకు రాదు. పాన్, ఆధార్‌తో కలిసిన ఫోన్ నంబరు వ్యాపారి చేతిలోనే ఉండాలి. నంబరు అకౌంటెంటుదైతే ఓటీపీలతో పాటు నోటీసులూ అక్కడే ఆగిపోతాయి. జీఎస్‌టీ పుస్తకాలను వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు, ఆదాయపు పన్ను పద్దులను మదింపు సంవత్సరం ముగిశాక ఆరేళ్లు దాచాలి. సంత చీటీలు, బిల్టీలు, తూకం కాగితాలు, గిడ్డంగి పత్రాలు కూడా ఆ లెక్కలోవే. థర్మల్ కాగితం మీది అచ్చు అంతకాలం నిలవదు కనుక, యూపీఐ యంత్రం చీటీలు, పెట్రోలు బిల్లులు వంటివాటిని వచ్చిన నెలలోనే ఫొటో తీసి నెలవారీగా భద్రపరచుకోవాలి.